పెద్ద డాక్టరుకు చీటీ

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్‌గారికి, పిల్లలకు నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు, ఈ ఎండలో. మార్చి 8 కదా, మహిళా సాధికారత మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అవి చదవడం లేదు. ఇందాక స్టాఫ్ రూములో ఎవరో "ఈ అమ్మాయిలకు నెలకు మూడు రోజులు కడుపునొప్పి వంకండీ" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నాకు నవ్వే హక్కు లేదు.

నేను లెక్కల టీచర్ని. 27 ఏళ్లు హాజరు పట్టీ రాశాను. ఎవరి పిల్ల ఏ వారం రాలేదో చూడకుండా చెప్పేదాన్ని. మా ఇంట్లో పిల్ల మాత్రం 13వ ఏట నుంచి నెలనెలా మెలికలు తిరిగిపోతుంటే లెక్కలోకి తీసుకోలేదు. "అందరికీ ఉండేదేనే, పెళ్లయితే సర్దుకుంటుంది" అన్నాను. మా అమ్మ నాతో అన్న మాటే అది.

డిగ్రీలో ఉండగా మా ఊళ్లో చూపించాం. పెళ్లికాని పిల్ల అని లోపలి నుంచి చేయకుండా పొట్ట మీద నుంచే స్కానింగ్ చేశారు. నార్మల్. గ్యాస్ మాత్రలు ఇచ్చారు. ఆర్నెల్లకు మళ్లీ వెళ్లాం, మళ్లీ నార్మల్.

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా పెరుగుతుంది, అండాశయాల మీద, పేగుల మీద, గర్భసంచి వెనకాల. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ హాల్లో 200 మంది అమ్మాయిలుంటే ఎంతమందో మీరే గుణించుకోండి. అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, ఉంటే స్కానింగ్‌లో దొరుకుతుంది. సన్నటి మచ్చల్లా ఉంటే దొరక్కపోవచ్చు. స్కానింగ్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. మళ్లీ చెబుతున్నా, లేదని కాదు.

మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. తారీఖు, నొప్పి పదికి ఎంత, ఏ మాత్ర వేసుకుంది, కాలేజీకి వెళ్లిందా లేదా. ఆరు నెలలు రాసింది. అది పట్టుకెళ్తే ఆ డాక్టరుగారు తెరవలేదు. "పెళ్లి చేయండి మేడమ్, ఒక బిడ్డ పుడితే అదే పోతుంది" అన్నారు. కడుపుతో ఉన్నన్నాళ్లు కొందరికి నొప్పి తగ్గుతుందేమో గానీ, అది వైద్యం కాదు.

పెద్ద డాక్టరుకు రాయమన్నాను. మా ఆయన కంపెనీ వైద్య సదుపాయంలో రిఫరల్ చీటీ లేకపోతే బిల్లు మన నెత్తినే. అవసరం లేదన్నారాయన. "అయితే ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి" అన్నాను. ఎన్ని సెలవు చీటీలు పుచ్చుకున్న చెయ్యి ఇది! ఆయన పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత రిఫరల్ రాశారు.

సిటీలో ఆ డాక్టరమ్మ పుస్తకం మొత్తం చదివింది. ఒక లైను దగ్గర ఆగింది. "ఆ రోజుల్లో విరేచనానికి వెళ్తే ప్రాణం పోయినట్టుంటుంది." ఇది నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను. "నువ్వు అడగలేదుగా అమ్మా" అంది. ఎమ్మారై తీశారు, తర్వాత లాప్రోస్కోపీ, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం. గర్భసంచి వెనకాల, పేగును అంటుకుని ఉంది. అప్పటికి పిల్లకు 21 ఏళ్లు.

మీ అమ్మలకు ఒక మాట చెప్పండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం. మన ఆంధ్రాలో 8.9. నొప్పి అనగానే తీసేయించుకో అనడం మనకు అలవాటైపోయింది. సంచి తీసినా పేగు మీదున్నది పేగు మీదే ఉంటుంది.

ఉంటానండీ, మేడమ్‌గారు గడియారం చూస్తున్నారు. ఆ పుస్తకంలో ఒక పేజీ వంద జిరాక్సులు తీయించాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. అబ్బాయిలూ తీసుకోండి, మీ ఇళ్లలోనూ అక్కచెల్లెళ్లున్నారు. ఆ విరేచనం లైను కొట్టేయనా అని మా అమ్మాయిని అడిగాను. అదొక్కటీ ఉంచమ్మా అంది.