మూడేళ్ల నేల, ఏడాది కౌలు

(రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: అల్లూరు వైపు నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, మన సార్ వింటున్నారు.

కాలర్: నమస్తే సార్. మూడెకరాలు కౌలుకి చేస్తన్నాం, వరి. పోయినేడు మా పొదుపు సంఘానికొచ్చి యూరియా, మందులు లేని ప్రకృతి వ్యవసాయం నేర్పించిపోయినారు. చేద్దామంటే మా ఆయన ఒప్పుకోవడంలా. దిగుబడి పడిపోతే ఆసామికి వడ్లు ఎవురు కొలుస్తారంటాడు.

సలహాదారు: ఆయన మాటలో తప్పు లేదమ్మా. కౌలు ఎంత?

కాలర్: ఎకరాకి పుట్టి సార్. పండినా ఎండినా.

సలహాదారు: మన నెల్లూరు పుట్టంటే 850 కిలోల వడ్లు. నారు పోయకముందే అది మీది కాదు. యూరియాకి అలవాటుపడ్డ నేలలో ఒక్కసారిగా ఆపేస్తే మొదటి ఒకటి రెండేళ్లు దిగుబడి తగ్గొచ్చు. నేలలో సారం చేరాలి, వానపాములు తిరిగి రావాలి. అది తేరుకునేసరికి మీ ఏడాది కౌలు ఎవరి చేతిలో ఉంటుందో. కష్టం మీది, బాగుపడ్డ నేల ఆసామిది. శిక్షణకి ముందు ఆసాముల్ని కూర్చోబెట్టాలని నేను మీటింగుల్లో అంటుంటాను. సరిగ్గా అప్పుడే కాఫీలు వస్తాయి, మాట పక్కకి పోతుంది.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మరి అమ్మ ఏం చేయాలి సార్?

సలహాదారు: మూడెకరాలూ మార్చొద్దు. అర ఎకరం చాలు. కాలవ నీళ్లు ముందుగా పారే మడి చూసుకోండి, పైవాళ్ల మందు నీళ్లు మీ మడిలోకి దిగవు. రెండో పంట ఎడగారు వేయకపోతే ఆ ఖాళీలో పచ్చిరొట్టకి జీలుగ చల్లండి, ఎకరా లెక్కన 10, 12 కిలోలు. పూతకొచ్చాక కలియదున్నేయండి.

కాలర్: అసలు భయం వేరే ఉంది సార్. పక్క చేను రొయ్యల గుంటకిచ్చినారు. మా ఆసామి చుట్టూ గూడా తిరగతా ఉన్నారు, కౌలు ఎక్కువిస్తామని.

సలహాదారు: పంట పొలాల్ని రొయ్యల గుంటలుగా మార్చకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పిందమ్మా. ఉప్పు దిగిన నేల మళ్లీ వరికి రావడం ఎంత కష్టమో ఆసామికి చెప్పాలి. మీ సంఘంలో కౌలుకి చేసేవాళ్లు ఎంతమంది?

కాలర్: ఆరుగురం.

సలహాదారు: ఆరుగురూ కలిసి ఆసామి దగ్గరికి పోండి. సారా ఉద్యమం పుట్టిన దూబగుంట మన జిల్లాలోదే కదా. అక్కడి ఆడవాళ్లు సారా కొట్ల మీదికి ఒక్కొక్కరుగా పోలేదు. 1993లో సారా నిషేధం వచ్చింది, ఇక్కడ పొదుపు సంఘాలు బలపడిందీ ఆ ఊపులోనే. పుట్టి తగ్గించమని అడగొద్దు, మూడేళ్లు కౌలు మీకే ఉంచుతానని మాట ఇమ్మనండి.

కాలర్: కాగితమంటే భూమి పోద్దని బెదురు సార్ ఆయనకి.

సలహాదారు: కౌలు రైతులకిచ్చే సాగుదారు హక్కుల కార్డు ఉంది చూడండి, 2019 చట్టంలోది, దాంతో పంట రుణం, బీమా లాంటివే గానీ భూమి మీద హక్కు రాదు. అది ఆయనకి చదివి వినిపించండి. కాకపోతే కార్డు పదకొండు నెలలదే, మళ్లీ తీసుకోవాల్సిందే.

కాలర్: ఇంకొకటి సార్. నాకు ఆవు లేదు.

సలహాదారు: నేలకి బలమిచ్చే ద్రవజీవామృతం 200 లీటర్ల డ్రమ్ముకి పేడ 10 కిలోలే కదమ్మా. ఎదురింటి ఆవు చాలు.

కాలర్: ఎదురింటామెకీ నాకూ మాటల్లేవు సార్.

వ్యాఖ్యాత: అది మన సార్ వల్ల తేలేది కాదమ్మా! తర్వాతి కాల్ కందుకూరు నుంచి. చెప్పండి...