పీల్చే మానిఫోల్డ్‌తో ఊదే పని: పాత డీజిల్ కారుకి టర్బో పెట్టేటప్పుడు

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పాలిటెక్నిక్ పిల్లలున్నారు, వెనకాల మా గాజువాక ఆటోనగర్ మేస్త్రీలున్నారు. నేను చెప్పబోయేదాంట్లో సగం మేస్త్రీల చేతుల్లో ఉంది, ఇంకో సగం పిల్లల పుస్తకాల్లో ఉంది. ఈ బల్ల మీద మసిపట్టి, నాలుగు కాళ్లతో ఉన్న అల్యూమినియం పోత ముక్క చూడండి. ఒక పాత 1400 సీసీ డీజిల్ కారు ఇన్‌లెట్ మానిఫోల్డ్ ఇది, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం. టర్బో అంటే సైలెన్సర్‌లోకి పోయే వేడి గాలితో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి తోసే పంకా. అది పెట్టేటప్పుడు ఈ ముక్కని ఏం చెయ్యాలన్నదే ఇవాళ్టి మాట.

కంచరపాలెం వైపు పెరిగినవాళ్లకి డీజిల్ లోకో షెడ్డు తెలుసు. డబ్ల్యూడీఎం-2 ఇంజన్ గూడ్సుని లాగడం మొదలుపెట్టగానే గుప్పుమని నల్లటి పొగ లేచేది. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, టర్బో ఉన్న ఇంజన్. చిన్నప్పుడు ఆ పొగే దాని బలం అనుకునేవాణ్ణి. డ్రైవరు నాచ్, అంటే వేగం మెట్టు, పెంచగానే డీజిల్ వెంటనే పెరుగుతుంది గానీ టర్బో వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాస్త సేపూ గాలి చాలదు. గాలి చాలక సరిగ్గా కాలని డీజిలే ఆ నలుపు.

టర్బో పెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లకి ముందుగా ఇదే చెప్తాను. టర్బో బలం ఇవ్వదండీ, ఇంకాస్త డీజిల్ కాల్చడానికి చోటు ఇస్తుంది. డీజిల్ కొట్టే పంపు ముట్టుకోకుండా టర్బో ఒక్కటే బిగిస్తే పొగ తగ్గుతుంది, పికప్‌లో పెద్ద తేడా ఉండదు. అలాగని డీజిల్ పెరిగేలా పంపు తిప్పేసి మానిఫోల్డ్‌ని పట్టించుకోకపోతే పిస్టన్ కరుగుతుంది.

సైలెన్సర్‌లోకి పోయే వేడి గాలితో లోపలికి గాలి తోయించొచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుషీ పేటెంట్ అడిగింది 1905లో. టర్బో డీజిల్ కారు అమ్మకానికి వచ్చింది మాత్రం 1978లో, మెర్సిడెస్ 300ఎస్‌డీ. వాళ్లు ఉన్న 5 సిలిండర్ల ఇంజన్‌కే టర్బో పెట్టారు. అందుకోసం పిస్టన్ల అడుగున నూనె చిమ్మే జెట్లు వేశారు, ఎగ్జాస్ట్ వాల్వుల్లో సోడియం నింపారు. మనం అదే పని ఒక ఆదివారంలో అయిపోవాలంటాం.

సరే, మానిఫోల్డ్‌కి వద్దాం. టర్బో లేని ఇంజన్‌లో ఇది పీల్చే గొట్టం. పిస్టన్ కిందికి దిగుతుంది, గాలి లోపలికొస్తుంది. లోపలి ఒత్తిడి ఎప్పుడూ బయటి కంటే కొంచెం తక్కువే. గ్యాస్కెట్, రబ్బరు హోస్, క్లిప్పు అన్నీ ఆ లెక్కతోనే పెట్టారు. ఎక్కడైనా చిన్న లీకు ఉంటే కాస్త గాలి లోపలికి వస్తుంది, డీజిల్ కాబట్టి బండికి తెలియను కూడా తెలియదు. టర్బో పెట్టిన రోజునుంచి ఇదే గొట్టం ఒత్తిడి పట్టి ఉంచే పాత్ర అవుతుంది. లోపలికి లాగేదల్లా బయటికి తోస్తుంది. మానిఫోల్డ్ పనిలో వచ్చే తలనొప్పులన్నీ ఈ ఒక్క మార్పునుంచి పుట్టేవే.

ఎంత తోస్తుందో లెక్క వేద్దాం. బూస్ట్, అంటే టర్బో తోసే అదనపు ఒత్తిడి, 0.7 బార్ అనుకోండి, మన టైర్ల భాషలో 10 పౌండ్లు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న గొట్టం చివర దాదాపు 14 కిలోల తోపు పడుతుంది. ఒక వంట గ్యాస్ సిలిండర్‌లో నింపే గ్యాస్ బరువంత. పాత రేడియేటర్ హోస్ ముక్క కోసి, మామూలు స్క్రూ క్లిప్పు బిగిస్తే, నూనె తగిలి రబ్బరు మెత్తబడ్డ రోజున సింహాచలం ఘాట్ మధ్యలో అది ఊడి కూర్చుంటుంది. గొట్టం చివర చుట్టూ ఒక గట్టు లేపించండి, లేత్ దగ్గర బీడింగ్ అంటే చేస్తారు. దాని వెనక సిలికాన్ హోస్, టీ-బోల్ట్ క్లాంపు. వందలు మిగిల్చుకోవడానికి ఇది చోటు కాదు.

ఇప్పుడు వేడి సంగతి. మే నెలలో మన ఊళ్లో 35 డిగ్రీలు మామూలే. ఆ గాలిని 0.5 బార్ నొక్కితే, మంచి టర్బో అయినా బయటికొచ్చేసరికి దాదాపు 90 డిగ్రీలు ఉంటుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కదా. అందుకే ఒత్తిడి ఒకటిన్నర రెట్లయినా గాలి బరువు 27 శాతమే పెరుగుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకి దించితే అదే 41 శాతం అవుతుంది. చిన్న బూస్ట్‌తో సరిపెట్టుకుంటే ఇంటర్‌కూలర్ లేకుండా నడుస్తుంది. అనంతగిరి మీదుగా అరకు ఎక్కే బండికి మాత్రం నేను పెట్టమనే చెప్తాను.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు ఉంది కదా, పాత డీజిల్ హెడ్లలో చాలావాటికి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క ఉంటాయి. టర్బో కూడా ఆ ఇరుకులోనే దూరాలి. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే మనం చల్లబరిచి తెచ్చిన గాలి ఉంటుంది. మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టినా చాలా మేలు. ఈ ఇరుకులో గొట్టం ఎటు తిప్పాలో తోచక చాలామంది మానిఫోల్డ్ మూతి కోసేసి పక్కనుంచి కొత్త మూతి అతికిస్తారు. తప్పు లేదు. కానీ ఒక చివరనుంచి దూసుకొచ్చిన గాలి మొదటి కాలిని దాటేసి ఆఖరి కాలిలోకి ఎక్కువగా పోతుంది. పంపు మాత్రం నాలుగింటికీ సమానంగా డీజిల్ కొడుతుంది. గాలి తక్కువ అందిన సిలిండర్ పొగ కొడుతుంది, దాని పిస్టన్ ముందు పోతుంది. వీలైతే మూతి మధ్యకి తెండి. లేదంటే కాళ్ల పైనున్న డబ్బా కాస్త పెద్దది చెయ్యండి, అందులో గాలి వేగం తగ్గి నాలుగు కాళ్లకీ సమానంగా అందుతుంది. మరీ పెద్దది చేస్తే అది నిండేదాకా పికప్ రాదు.

కోసే ముందు ఒక్క మాట. మీ ఇంజన్‌నే కంపెనీ ఎక్కడైనా టర్బోతో అమ్మిందేమో చూడండి. ఇండికాలో టర్బో లేకుండా వచ్చిన 1405 సీసీ ఇంజన్‌నే ఇండిగోలో టర్బోతో ఇచ్చారు. అలాంటి మానిఫోల్డ్ తుక్కు కొట్టులో దొరికితే మీ హెడ్డు గ్యాస్కెట్ పట్టుకెళ్లి రంధ్రాలు సరిచూసుకోండి. నా చేతి పని కంటే ఆ పోత ముక్క మీదే నాకు నమ్మకం ఎక్కువ.

కోయక తప్పకపోతే, పాత అల్యూమినియం పోత నూనె తాగి ఉంటుందని గుర్తుంచుకోండి. బాగా కడిగి, వేడి చేసి, ఆ నూనెని బయటికి రప్పించకుండా ఆర్గాన్ వెల్డింగ్ మొదలుపెడితే అతుకంతా బుడగలే. హెడ్డుకి తగిలే ఫ్లాంజిని ముందే ఒక మందపాటి ఇనుప పలకకి బోల్టులతో బిగించి వెల్డింగ్ చేయించండి, పూర్తిగా చల్లారాకే విప్పండి. అప్పటికీ కాస్త వంగుతుంది. మళ్లీ ఫేసింగ్ చేయించి ఆ ముఖం చదును చెయ్యాలి. ఇనుప గొట్టాలతో కొత్తగా కట్టుకుంటామంటారా, మన ఉప్పుగాలిలో బయట రంగేసినా లోపల తుప్పు రేగుతుంది. ఆ పెచ్చులు పోయేది నేరుగా సిలిండర్‌లోకే.

లోపలికి ఏం పోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి రాత్రి పదింటికి ఓ మానిఫోల్డ్ వెల్డింగ్ అయింది. బండి ఆయన పొద్దున్నే పెళ్లికి విజయనగరం వెళ్లాలన్నాడు. గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, బిగించేశాను. స్టార్ట్ అయింది, బాగానే ఉంది. బీచ్ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మూడో సిలిండర్‌లో టక్ టక్ టక్. విప్పితే పిస్టన్ తల నిండా గుంటలు, గ్లో ప్లగ్ కొన వంకర. కారణం గోధుమ గింజంత వెల్డింగ్ పూస. లోపలి మూలలో అతుక్కుని ఉండి, వేడికి ఊడి వచ్చింది. డీజిల్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ మధ్య సందు మిల్లీమీటరుకి అటూఇటూ. ఆ పూస ఎక్కడికి పోతుంది? హెడ్డు పని, పిస్టన్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన పెళ్లికి బస్సులో వెళ్లాడు. అప్పటినుంచి నా షెడ్డులో ప్రతి అతుకు లోపలా వేలు పెట్టి తడుముతాం. వేలు అందనిచోట సైకిల్ చైను వేసి గిలకొడతాం, తర్వాత కడుగుతాం.

బ్రీదర్ గొట్టం మర్చిపోవద్దు. ఇంజన్ పొట్టలోని ఆవిరి పీల్చుకోవడానికి కంపెనీ దాన్ని మానిఫోల్డ్‌కి కలిపి ఉంటుంది. ఇప్పుడు మానిఫోల్డ్ ఊదుతోంది కాబట్టి ఆ ఒత్తిడి తిరిగి పొట్టలోకే పోతుంది. నేను చేసిన మొదటి బండిలో ఆయిల్ చూసే కడ్డీ ఎగిరి బానెట్‌కి తగిలింది, సీళ్లన్నీ కారాయి. ఆ గొట్టాన్ని టర్బోకి ముందు, ఫిల్టర్ వైపు కలపాలి. మధ్యలో నూనె పట్టే డబ్బా ఒకటి ఉంచాలి. ఆ నూనె, లేదా టర్బో సీలు పోయి వచ్చే నూనె, ఎక్కువైతే ఇంజన్ దాన్నే డీజిల్‌లా కాల్చుకుంటూ పరుగెడుతుంది. తాళం తీసినా ఆగదు. బండి కదలకుండా బ్రేకు తొక్కి పట్టి, పెద్ద గేరులో క్లచ్ వదిలితే ఆగొచ్చు. లేదా గాలి మూతికి చెక్క పలక అడ్డం పెట్టాలి. చేయి మాత్రం పెట్టొద్దు.

పాత డీజిళ్లలో కొన్నింటికి మానిఫోల్డ్ మూతి దగ్గర పెట్రోల్ బండిలా బటర్‌ఫ్లై ఉంటుంది. అక్కడ పుట్టే వాక్యూమ్‌తోనే పంపు మీదున్న గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని అదుపు చేసే భాగం, డీజిల్ తగ్గిస్తుంది. ఆ గొట్టంలోకి బూస్ట్ పోతే గవర్నర్‌కి కళ్లు పోయినట్టే, పంపు పూర్తిగా తెరుచుకుంటుంది. అలాంటి ఇంజన్‌కి ముందు మెకానికల్ గవర్నర్ పంపు వెయ్యండి, టర్బో మాట తర్వాత.

పిల్లల్లో ఒకరు ఇందాక చట్టం గురించి అడిగారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. ఇన్సూరెన్స్‌ వాళ్లకి చెప్పండి.

ఇక మాటలు చాలు. ఈ మానిఫోల్డ్ నాలుగు కాళ్లకీ రబ్బరు వేసి పలక బిగించాను, మూతికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు పెట్టాను. దీంట్లో గాలి నింపి లీకు చూద్దాం. 1 బార్ దాటనివ్వను, ఎవరూ ఎదురుగా నిలబడకండి. బాబూ, ఆ సబ్బునీళ్ల మగ్గు, బ్రష్షు ఇలా పట్రా. రెండో కాలి దగ్గరున్న ఆ అతుకు మీద సబ్బునీళ్లు పుయ్యి. బుడగ ఎక్కడ లేస్తుందో చూసి చాక్‌పీసుతో గీత పెట్టు.