క్రూజ్ కంపెనీల సొంత దీవి: దిగేముందు తెలుసుకోండి

[బీచ్ రోడ్డు, వెనక సముద్రం]

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్న విశాఖ అమ్మానాన్నలూ, ఈ వీడియో మీకోసమే. "ఫ్లోరిడా నుంచి క్రూజ్ బుక్ చేశాం నాన్నా" అంటారు పిల్లలు. ప్రోగ్రామ్‌లో ఒక రోజుకి 'కోకోకే' అని రాసి ఉంటుంది. అదేమీ ఊరు కాదండీ. రాయల్ కరీబియన్ కంపెనీ తన ప్రయాణికుల కోసమే నడుపుకునే దీవి.

[మ్యాప్: ఫ్లోరిడా, బహామాస్]

షిప్పు కంపెనీకి దీవెందుకు? అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న షిప్పు, అంటే వేరే దేశంలో రిజిస్టరైన షిప్పు, అక్కడి పోర్టులో జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దింపాలంటే, మధ్యలో పరాయి దేశానికి వెళ్ళొచ్చి తీరాలి. పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే. ఫ్లోరిడాకి పక్కనే ఉన్న పరాయి దేశం బహామాస్. కోకోకే ఉన్నది అక్కడే. అక్కడ ఊళ్ళో దిగితే మీ డబ్బు ఊరి దుకాణాలకి పోతుంది. సొంత దీవిలో దిగితే కంపెనీ గల్లాపెట్టెలోనే పడుతుంది. అసలు కిటుకు ఇదే.

కోకోకే పక్క దీవి గ్రేట్ స్టిరప్ కేని నార్వీజియన్ క్రూజ్ లైన్ 1977లోనే కొనేసింది. పోటీ కంపెనీలు రెండూ ఇరుగుపొరుగన్నమాట! రాయల్ కరీబియన్ 25 కోట్ల డాలర్లు పోసి 2019లో కోకోకేకి కొత్త హంగులు దిద్దింది.

[ఫొటో: కార్డీలియా ఎంప్రెస్]

2022లో మన పోర్టుకొచ్చిన ఈ షిప్పు గుర్తుందా? 1990లో రాయల్ కరీబియన్ కోసం, బహామాస్ చిన్న ట్రిప్పులు వేయడానికి కట్టిందే ఇది.

[దీవి దృశ్యాలు]

కోకోకేలో జెట్టీ ఉంది, నడుచుకుంటూ దిగొచ్చు. జెట్టీ లేని దీవులకి చిన్న బోట్లలో తీసుకెళ్తారు. మోకాళ్ళ నొప్పులుంటే బుక్ చేసే ముందే కనుక్కోండి. గాలి ఎక్కువైతే షిప్పు ఆగకుండా వెళ్ళిపోవచ్చు కూడా.

బీచ్, పడక కుర్చీలు, పెద్ద స్విమ్మింగ్ పూల్, మామూలు భోజనం టికెట్‌లోనే వస్తాయి. నీళ్ళు మన యారాడలోలా లాగవు, హాయిగా కూర్చోవచ్చు. తిండి ఎక్కువగా బర్గర్ల బాపతు. శాకాహారులైతే షిప్పులోనే కడుపునిండా టిఫిన్ చేసి దిగండి.

వాటర్ పార్కు, జనాన్ని పైకి తీసుకెళ్ళే హీలియం బెలూన్, నీడకోసం కబానా (చిన్న పందిరి)... వీటికి వేరే డబ్బు. పార్కులో పెద్ద జారుడుబండ ఎత్తు 135 అడుగులు! మనవడికి కొనండి, తప్పులేదు. వాడి చెప్పులకి కాపలా కాయడానికి మీకూ టికెట్ ఎందుకు చెప్పండి?

ఇంకోటి, మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి. బహామాస్ వెళ్ళొచ్చారంటే అమెరికాలో మళ్ళీ కొత్తగా అడుగుపెట్టినట్టే లెక్క.

[క్లోజప్: గది కార్డు]

దిగేటప్పుడు గది కార్డు మర్చిపోవద్దు, తిరిగి షిప్పెక్కాలంటే అది ఉండాలి. దీవిలో ఏం కొన్నా దాని మీదే. బిల్లు మాత్రం చివర్లో అబ్బాయి క్రెడిట్ కార్డుకి వెళ్తుంది.