కౌబాయ్స్ అఫెన్స్ 2025లో ఎన్ని పాయింట్లు కొట్టగలదు? గూగుల్ షీట్‌లో మనమే లెక్క వేద్దాం

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈరోజు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే డల్లాస్ కౌబాయ్స్ తీసుకుందాం. ఇది 2025 సీజన్‌కి ముందు వేసిన లెక్క. ఆ సీజన్ సెప్టెంబర్ 4న మొదలైంది, మొదటి మ్యాచ్ ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో, అదీ వాళ్ల గ్రౌండ్‌లో. దానికి ముందు అందరూ అడిగింది ఒక్కటే. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్ గాయం నుంచి కోలుకుని వచ్చేశాడు కదా, ఇక అఫెన్స్, అంటే బంతితో దాడి చేసేవాళ్లు, 2023లో ఆడినట్టు ఆడేస్తుందా అని. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకి ఇది పక్కింటి టీమే. టీమ్ హెడ్‌క్వార్టర్స్ ద స్టార్ ఫ్రిస్కోలోనే ఉంది, చాలామంది రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తుంటారు. కాబట్టి గట్టిగానే చూద్దాం. కబుర్లు కాదు, లెక్కలతో.

సరే, స్క్రీన్ చూడండి. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్ ఓపెన్ చేశాను. కౌబాయ్స్, 2024. కిందికి వస్తే షెడ్యూల్ టేబుల్ ఉంది, ఇదిగో. పైన షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్, అందులో సీఎస్‌వీ. కాపీ, కొత్త షీట్‌లో పేస్ట్. అంతా ఒకే కాలమ్‌లో పడింది కదా, డేటా మెనూలో స్ప్లిట్ టెక్స్ట్ టు కాలమ్స్. అయిపోయింది. అక్కర్లేని కాలమ్స్ తీసేస్తున్నాను, బై వీక్ (మ్యాచ్ లేని వారం) వరుస కూడా తీసేయండి. 17 మ్యాచ్‌లు, 17 వరుసలు. ఇదే పని 2023కి కూడా చేసి రెండో ట్యాబ్‌లో పెట్టాను. అక్కడ ఒకటి గమనించండి. 2023 టేబుల్‌లో ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) మ్యాచ్ కూడా వస్తుంది, గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడిపోయిన మ్యాచ్. ఆ వరుస తీసేయాలి. పాయింట్ల మొత్తం 509 రావాలి. మీకు 541 వచ్చిందంటే అది ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఒక షార్ట్‌కట్ చెప్తాను. ఇలా వేరే ట్యాబ్ నుంచి తెచ్చేటప్పుడు కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి, మామూలు కంట్రోల్ వి వద్దు. రంగులు, ఫాంట్లు, లింకులు ఏవీ రావు, అంకెలు మాత్రమే వస్తాయి. నేను ఇదే వాడతాను, పని హాయిగా అయిపోతుంది.

ఇప్పుడు కాలమ్స్. ఎ లో వారం, బి లో ప్రత్యర్థి, సి లో మన పాయింట్లు. డి ఖాళీగా ఉంచండి, దాని గురించి తర్వాత చెప్తాను. ఇ లో క్వార్టర్‌బ్యాక్ పేరు.

ఇ నింపుదాం. 2024లో డాక్ 8 మ్యాచ్‌లు ఆడాడు. నవంబర్‌లో అట్లాంటాలో హ్యామ్‌స్ట్రింగ్ గాయం, అక్కడితో సీజన్ అయిపోయింది. ఆ మ్యాచ్ మధ్యలోనే బయటికి వచ్చేశాడు, అయినా నేను దాన్ని డాక్ ఖాతాలోనే వేస్తున్నాను. మిగతా 9లో ఎనిమిదింటికి కూపర్ రష్, చివరిదానికి ట్రే లాన్స్. ఆ తొమ్మిదింటికీ "ఇతరులు" అని రాసేయండి చాలు.

మొత్తం చూడండి. 350 పాయింట్లు. 2023లో 509, లీగ్ మొత్తంలో అదే ఎక్కువ. 509 నుంచి 350కి. ఒక్క ఏడాదిలో.

చూడగానే అందరూ ఏమంటారు? డాక్ లేడు కాబట్టి పడిపోయింది అంటారు. సమ్‌ఇఫ్ కొడదాం, అంటే పేరును బట్టి విడివిడిగా కూడే ఫార్ములా. డాక్ ఆడిన 8 మ్యాచ్‌లలో 171. మిగతా 9లో 179. మ్యాచ్‌కి చూస్తే 21.4, 19.9. తేడా ఒకటిన్నర పాయింట్ అంతే. డాక్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదన్నట్టుంది కదా. ఆగండి, ఆగండి. ఇక్కడే డి కాలమ్ కావాలి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు, నెమ్మదిగా చేద్దాం.

స్కోర్‌బోర్డు మీద ఉన్న పాయింట్లన్నీ అఫెన్స్ కొట్టినవి కావు. డిఫెన్స్ వాడు బంతి పట్టుకుని పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించడం, ఆరు పాయింట్లు) చేస్తే అది కూడా టీమ్ ఖాతాలోకే వస్తుంది. ఎదుటివాళ్లు తన్నిన బంతి పట్టుకుని తిరిగి పరిగెత్తే పంట్ రిటర్న్ అయినా, కిక్‌ఆఫ్ రిటర్న్ అయినా అంతే. ఎక్స్‌ట్రాలు కూడా కలిపేసి బ్యాటింగ్ అదిరిందంటే ఒప్పుకోం కదా, ఇదీ అంతే. వాటిని తీసేయాలి.

ఎలా తీస్తాం? ఒక్కో మ్యాచ్ బాక్స్ స్కోర్ మీద క్లిక్ చేయండి. ఇదిగో, క్లీవ్‌లాండ్ మ్యాచ్, మొదటి వారం, మనకి 33. పైనే స్కోరింగ్ టేబుల్ ఉంది. కంట్రోల్ ఎఫ్ కొట్టి ఇంగ్లీషులో రిటర్న్ అని టైప్ చేయండి. దొరికింది చూడండి, కవాంటే టర్పిన్, 60 గజాల పంట్ రిటర్న్. అయితే ఎడమవైపు టీమ్ పేరు కూడా చూడాలి, ఇది ముఖ్యం. ప్రత్యర్థి రిటర్న్ కూడా ఇదే లిస్టులో ఉంటుంది, అది మన లెక్కలోది కాదు. ఇక్కడ కౌబాయ్స్ అనే ఉంది. డి లో 1 వేస్తాను.

ఇలా 17 మ్యాచ్‌లూ చూడాలి. నేను ముందే చేసి పెట్టాను, మీకు అసలైనవి చూపిస్తాను. వాషింగ్టన్‌తో మొదటి మ్యాచ్, 34 కొట్టింది. 34 అంటే అఫెన్స్ బాగానే ఆడింది అనుకుంటాం. లోపలికి వెళ్తే టర్పిన్ 99 గజాల కిక్‌ఆఫ్ రిటర్న్ ఒకటి, చివర్లో వాళ్లు ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కాలని దగ్గరగా తన్నడం) చేస్తే వానియే థామస్ పట్టుకుని 43 గజాలు పరిగెత్తింది ఇంకొకటి. రెండు. డి లో 2. తర్వాత థాంక్స్‌గివింగ్ రోజు జెయింట్స్ మీద, మన డిఫెన్స్‌లో ఓవర్‌షోన్ ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్లు విసిరిన బంతిని పట్టేయడం) రిటర్న్. 1. అంటే మొత్తం నాలుగు, అందులో మూడు డాక్ లేని మ్యాచ్‌లలోనే.

ఇప్పుడు ఎఫ్ కాలమ్. సి మైనస్ 6 ఇంటూ డి. టచ్‌డౌన్ ఆరు పాయింట్లే తీస్తున్నాను, తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కదపడం లేదు. మళ్లీ సమ్‌ఇఫ్, ఈసారి ఎఫ్ మీద. డాక్‌తో 165, మ్యాచ్‌కి 20.6. ఇతరులతో 161, మ్యాచ్‌కి 17.9. చూశారా, తేడా దాదాపు రెట్టింపు అయింది. డాక్ లేని లోటు ఉంది, నిజంగానే ఉంది. స్కోర్‌బోర్డు దాన్ని దాచేసింది.

ఇదే పని 2023 ట్యాబ్‌లో చేస్తే ఇంకా తెలుస్తుంది. ఆ ఏడాది డారన్ బ్లాండ్ ఒక్కడే ఐదు ఇంటర్‌సెప్షన్లని టచ్‌డౌన్లు చేశాడు, అది ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. జెయింట్స్‌ని 40-0తో కొట్టిన మొదటి మ్యాచ్ గుర్తుందా? అందులో ఒకటి బ్లాండ్‌ది, ఇంకొకటి బ్లాక్ అయిన ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం, మూడు పాయింట్లు) పట్టుకుని ఇగ్బినోగెనే పరిగెత్తింది. తర్వాత న్యూ ఇంగ్లండ్ మీద వాండర్ ఎష్ ఫంబుల్ (చేజారిన బంతి) రిటర్న్. ఈ ఏడూ కలిపి 42 పాయింట్లు. 509 లోంచి తీస్తే 467, మ్యాచ్‌కి 27.5. ఇప్పటికీ గొప్ప అఫెన్సే, కానీ 30 కాదు. 2025కి మనం అనుకోవాల్సిన పైమెట్టు ఇదే.

ఇంకొక్క కాలమ్, త్వరగా. ఫీల్డ్ గోల్స్. 2024లో మన కిక్కర్ బ్రాండన్ ఆబ్రే 40 కొట్టాడు. 40 మూళ్లు 120. మొత్తం 350లో మూడోవంతు కంటే ఎక్కువ కాలితో వచ్చినవే. 2023లో 36, అంటే 509లో 108. ఆబ్రే అంటే నాకు చాలా ఇష్టమండి. సాకర్ ఆడాడు, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేశాడు, ఆ తర్వాత ఇక్కడికి వచ్చాడు. మన ఐటీ వాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ కిక్కర్ అంత బిజీగా ఉన్నాడంటే అఫెన్స్ అంతదూరం వెళ్లి గీత దాటలేకపోతోందని అర్థం. 2025లో మారాల్సింది ఇదే. డాక్ రావడం ఒక్కటే చాలదు, దగ్గరికి వెళ్లాక ఏడు తేవాలి, మూడు కాదు.

దానికి మనుషులున్నారా? పేర్లు చూద్దాం. బంతి పట్టే రిసీవర్ సీడీ లాంబ్ 2023లో 135 క్యాచ్‌లు, 1,749 గజాలు. 2024లో 101, 1,194. అతని తర్వాత ఎక్కువ గజాలు జేలెన్ టోల్బర్ట్‌వి, 610. ఎదుటివాళ్లు ఇద్దరేసి మనుషుల్ని లాంబ్ మీదే పెట్టినా అడిగేవాడు లేడు. అందుకే 2025 మే నెలలో పిట్స్‌బర్గ్ నుంచి ఇంకో రిసీవర్ జార్జ్ పికెన్స్‌ని తెచ్చారు. 2024లో అతను 900 గజాలు చేశాడు, అదీ 14 మ్యాచ్‌లలోనే. నా దృష్టిలో ఈ టీమ్‌కి 2025లో జరిగిన మంచి ఇదే. పొడవైనవాడు, గాల్లో బంతి లాక్కుంటాడు, గోల్ లైన్ దగ్గర కావాల్సింది అలాంటివాడే.

మైనస్ వైపు కూడా రాయండి. జాక్ మార్టిన్ రిటైర్ అయ్యాడు, తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి (లీగ్ ఆల్‌స్టార్ ఎంపిక) వెళ్లిన గార్డ్, అంటే ముందు నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునేవాడు. ఆ చోట్లోకి డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ల ఎంపిక) 12వ పిక్‌తో తీసుకున్న టైలర్ బుకర్, రూకీ. బంతి పట్టుకుని పరిగెత్తే ఆట విషయానికొస్తే, 1,079 గజాలు చేసిన రికో డౌడల్ కరోలైనా వెళ్లిపోయాడు. బదులుగా జవాంటే విలియమ్స్, మైల్స్ శాండర్స్, డ్రాఫ్ట్‌లో జేడన్ బ్లూ. ఇక్కడ నాకు టెన్షన్ ఉంది, దాచను. కోచ్ కూడా మారాడు. మెకార్తీ వెళ్లాడు, 2025లో ప్లేలు పిలిచేది (ఏ ఎత్తు ఆడాలో చెప్పేది) హెడ్ కోచ్ బ్రయాన్ షాటెన్‌హైమరే.

సరే, చివరి సెల్. కింద 20.6, పైన 27.5. రెండిటి సగటు 24. పికెన్స్‌కి కొంచెం కలుపుతాను, గార్డ్, పరుగు కోసం కొంచెం తీస్తాను, దాదాపు అక్కడికే వస్తుంది. నేను 24.5 వేస్తున్నాను. 17తో గుణిస్తే 416 లేదా 417. డాక్ పదిహేను మ్యాచ్‌లైనా ఆడతాడన్న లెక్క మీద చెప్తున్నాను. మీకు పరుగు మీద నమ్మకం ఉంటే 26 దాకా వేసుకోండి, తప్పేం లేదు, కానీ 30 మాత్రం వేయకండి.

షీట్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఫైల్ మెనూలో మేక్ ఎ కాపీ కొట్టుకోండి, ఎడిట్ పర్మిషన్ అడగక్కర్లేదు. 2025 ట్యాబ్ ఖాళీగా ఉంది, ఫార్ములాలు వేసే ఉన్నాయి. ఈగల్స్ మ్యాచ్‌తో మొదలుపెట్టి సి, డి, ఇ నింపండి, ఎఫ్ దానంతట అదే వస్తుంది. మీరు ఎంత వేశారో కామెంట్‌లో రాయండి, వారం వారం పక్కన పెట్టి చూద్దాం.