‘ఆచరణలో’ అనే ఒక్క మాట

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, వెనుక వరుసల్లో గుసగుసలాడుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు చెప్పినదాంట్లో సగమే నిజం. ఏ సగమో చెబుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది.

నాకు ఇచ్చిన అంశం ‘నానో పదార్థాలు, రేపటి ప్రపంచం’. రేపటి సంగతి నాకు తెలియదు. నిన్నటి పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం మాత్రం ముప్పై ఏళ్లకు పైగా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. దాని గురించే మాట్లాడతాను. నానో అంటే అణువుల స్థాయి కొలత; అది మధ్యలో వస్తుంది, నిర్వాహకులు కంగారుపడవద్దు.

రబ్బరు బ్యాండును లాగితే సన్నబడుతుంది. ఎంత సాగితే ఎంత సన్నబడుతుందో చెప్పే లెక్క పాయిజాన్ నిష్పత్తి. రబ్బరుకు అది దాదాపు 0.5, ఉక్కుకు 0.3 దగ్గర. కార్కుకు ఇంచుమించు సున్నా. నొక్కినా పక్కలకు ఉబ్బదు కాబట్టే కార్కు బిరడా సీసా మూతిలోకి దిగుతుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా తరువాతి వరుసతోనే. చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుందది: ఈ నిష్పత్తి విలువ సిద్ధాంతరీత్యా మైనస్ 1 నుంచి 0.5 వరకు, ఆచరణలో మాత్రం 0 నుంచి 0.5 వరకు అని.

1990లో నేను ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, ‘ఆచరణలో’ అన్న మాట కింద గీత కూడా గీశాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. “మాస్టారూ, మైనస్ అంటే లాగినప్పుడు లావెక్కాలి కదండీ. సిద్ధాంతం ఒప్పుకున్నాక ఆచరణ ఎందుకు ఒప్పుకోలేదు?” అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? “అలాంటి వస్తువు నువ్వెక్కడైనా చూశావా? కూర్చో” అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ నోరు విప్పలేదు.

అప్పటికి మూడేళ్ల ముందే, 1987లో, అమెరికాలో రోడరిక్ లేక్స్ అనే శాస్త్రవేత్త అలాంటి వస్తువును చేసి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అదేదో అంతరిక్ష లోహం కాదండీ, పరుపుల్లో ఉండే రకం ఫోమ్. ఫోమ్ ముక్కను మూడు వైపుల నుంచీ ఒత్తిపట్టి, మెత్తబడేదాకా వేడిచేసి, ఒత్తిడి తీయకుండానే చల్లార్చారు. ఫోమ్‌లోని గదుల సన్నని ఊచలు ఒత్తిడికి లోపలికి వంగి, చల్లారాక అలాగే బిగుసుకున్నాయి. ఇప్పుడు దాన్ని లాగితే లోపలికి ముడుచుకున్న ఊచలు బయటికి తెరుచుకుంటాయి, ముక్క అన్ని వైపులా పెరుగుతుంది. నిష్పత్తి మైనస్ 0.7. ఇది తెలిశాక నేనూ ఇంట్లో ప్రయత్నించాను. మొదటిసారి ఫోమ్ కాలిపోయింది, రెండోసారి కూడా కాలిపోయింది. మూడోసారికి పొయ్యి నాది కాదని తేల్చారు మా ఇంట్లో.

అందుకని ఇవాళ రబ్బరు పలక తెచ్చాను. ముందు వరుసవారు చూడండి, వెనక్కి కూడా పంపండి. దీంట్లో గాట్లు పెట్టాను: ఒకటి అడ్డం, పక్కది నిలువు, మళ్లీ అడ్డం. ఒక గాటు కొస పక్క గాటు నడుమకు చేరువగా వచ్చి ఆగుతుంది, తగలదు. ఆ కాస్త రబ్బరే తలుపు బందులా పనిచేస్తుంది. ఇప్పుడు రెండు చివరలూ పట్టుకుని లాగుతున్నాను. చిన్న చిన్న చదరాలు ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతున్నాయి, గాట్లు నోళ్లు తెరిచి వజ్రాకారాలవుతున్నాయి. పొడవుతోపాటు వెడల్పూ పెరిగింది! బందులు చక్కగా తిరిగితే పొడవు ఎన్ని పాళ్లు పెరిగితే వెడల్పూ అన్ని పాళ్లే, అంటే మైనస్ 1. సిద్ధాంతం గీసిన చివరి గీత దగ్గరికి కత్తెరతో వెళ్లవచ్చన్నమాట.

గమనించండి, ఈ పనిలో రబ్బరు ఘనత ఏమీ లేదు, అంతా ఆకారానిదే. చదరం అరచేతంత ఉన్నా, అణువంత ఉన్నా తిరుగుడు తిరుగుడే. నానో ఇక్కడే వస్తుంది. 1991లో కెన్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త, పెరగడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి, లాగితే లావెక్కే ఇలాంటి పదార్థాలకు ‘ఆక్సెటిక్’ అని పేరుపెట్టారు. తెలుగులో నేను ‘ఉబ్బుసాగు’ అనుకుంటాను. మంచి మాట తోస్తే చెప్పండి, నాది వెనక్కి తీసుకుంటాను. ఆ మరుసటి ఏడే క్రిస్టోబలైట్ అనే సిలికా ఖనిజం ఉబ్బుసాగేనని కొలతల్లో తేలింది. అందులో ఒక సిలికాన్, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు కూడిన నాలుగు ముఖాల ఆకారాలు నా రబ్బరు చదరాల్లాగే తిరుగుతాయి.

1998లో ఇంకా పెద్ద దెబ్బ. ఘనాకార స్ఫటిక నిర్మాణం ఉన్న మూలక లోహాల్లో 69 శాతం, ఘనం ముఖానికి కర్ణం వెంట లాగితే, ఒక అడ్డ దిశలో లావెక్కుతాయని శాస్త్రవేత్త రే బామన్ బృందం చూపింది. లోహాలండీ! పుస్తకంలో తీగ లాగే ప్రయోగం చేయించేది వీటితోనే. తీగలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు తలోదిక్కుకూ ఉండడంతో సగటున సన్నబడినట్టే కనిపిస్తుంది. విడి స్ఫటికాన్ని అడిగితే వేరే జవాబు చెబుతుంది.

కార్బన్ నానోగొట్టాలు, అంటే కార్బన్ పరమాణువులతో ఏర్పడే అతి సన్నని గొట్టాలు, కాగితంలా పరిచిన పలకల్లో, ఒకే గోడ ఉన్న గొట్టాలకు పలు గోడల గొట్టాలు కలుపుతూ పోతే నిష్పత్తి ధనం నుంచి రుణానికి మారింది. అది 2008 మాట. ఒకే పొర నల్ల భాస్వరం చదునుగా ఉండదు, మడతలు మడతలుగా ఉంటుంది. దాన్ని ఒక దిశలో లాగితే పొర మందం పెరుగుతుందని 2014లో గణించారు, విలువ మైనస్ 0.027. చిన్న అంకే. కానీ ‘ఆచరణలో సున్నా’ అన్న గోడకు అవతల ఉంది.

వీటితో హెల్మెట్లు, స్టెంట్లు, లాగేకొద్దీ బిగుసుకునే మేకులు వస్తాయంటారు. దెబ్బ తగిలినచోటికి పదార్థం పక్కల నుంచి చేరుకుంటుంది కాబట్టి గుంట తక్కువ పడుతుంది, అది నిజమే. అయితే వీటిలో చాలావాటికి లోపల ఖాళీ కావాలి, ఖాళీ ఉన్నది బరువు మోయడంలో వెనకబడుతుంది. గోడపత్రికలు ఈ ముక్క రాయవు.

పాఠ్యపుస్తకాలు రాసేవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురున్నారని తెలుసు. అయ్యా, అమ్మా, ‘ఆచరణలో’ తీసేసి ‘సాధారణంగా’ అని వేయండి. నేను ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే మైకు దొరికిన ప్రతిచోటా ఇదే పాడుతున్నాను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రబ్బరు పలక ఎవరి దగ్గరుందో ఉంచుకోండి. ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయికి ముందు మైకు ఇవ్వండి.