పాప ముద్ద మింగట్లేదా? ముందు గడియారం చూడండి

[దృశ్యం: స్టీలు పళ్లెంలో అన్నం, తోటకూర పప్పు. నాలుగేళ్ల పాప మొహం పక్కకు తిప్పేసుకుంటుంది.]

నమస్కారం. ఈ పళ్లెం మా ఇంటిది, మొహం తిప్పేసుకున్నది మా పాప. ఆకుకూర కనిపిస్తే చాలు, ఏడుపు. గిన్నె పట్టుకుని గంటసేపు వెనకాల తిరిగేదాన్ని, చివరికి ఫోన్ చేతికిచ్చేదాన్ని. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంటే నాలుగు నిమిషాలు నాతో ఉండండి.

[తెరపై: రక్తహీనత ఉన్న పిల్లలు, 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు. తెలంగాణ 70%, ఆంధ్రప్రదేశ్ 63%]

ఇవి 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు. పదిమందిలో ఆరేడుగురు పిల్లలకు ఒంట్లో రక్తం తక్కువ. తిండికి లోటు లేని ఇళ్లలోనూ ఈ సమస్య ఉంది. ఎందుకంటే తెల్లన్నం, పెరుగు, పాలతో కడుపు నిండుతుంది గానీ రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము వాటిలో చాలా తక్కువ.

[దృశ్యం: గోడ గడియారం. నాలుగున్నరకి పెద్ద గ్లాసు పాలు. ఆరింటికి బిస్కెట్లు. ఏడింటికి మళ్లీ చిప్స్. ఎనిమిదింటికి అన్నం.]

పాప ఏ గంటకి ఏం తింటోందో మూడు రోజులు కాగితం మీద రాసి చూశాను. ఇదిగో, ఇలా తేలింది. ఇక ఎనిమిదింటికి ఆకలి ఎక్కడ మిగులుతుంది? తినను అన్నది మొండితనం కాదు, దాని కడుపులో చోటే లేదు. పాలు మంచివే. కానీ ఏడాది దాటిన చిన్నపిల్లలకి రోజుకి అరలీటరు మించి అక్కర్లేదు. అంతకంటే ఎక్కువైతే అన్నం తగ్గిపోతుంది, రక్తం కూడా తగ్గుతుంది. భోజనానికి రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకండి. మా ఇంట్లో సగం గొడవ ఈ ఒక్కదానితోనే తగ్గింది.

[దృశ్యం: డాబా మీద వెన్నెల. తల్లి పాపకి ముద్ద పెడుతోంది.]

"చందమామను చూపించి తినిపించలేదా, ఫోన్ చూపిస్తే తప్పేంటి?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. చందమామను చూపించే అమ్మ చూపంతా బిడ్డ మొహం మీదే ఉండేది. పెదవులు బిగిస్తే చెయ్యి ఆగేది. ఫోన్ చూస్తున్న పిల్లలకి తాము ఏం నములుతున్నారో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. ఆ తెలివి చిన్నప్పుడే పోగొట్టుకుంటే పెద్దయ్యాక తెచ్చుకోవడం కష్టం.

[దృశ్యం: పళ్లెం అంచున ఒక చెంచాడు తోటకూర పప్పు. పక్కనే పాపకి ఇష్టమైన చారన్నం.]

ఇక ఆకుకూర సంగతి. పళ్లెం నిండా వడ్డించకండి, ఒక్క చెంచాడు చాలు. పక్కన తనకి నచ్చింది ఒకటి ఉండనివ్వండి. తినమని బతిమాలొద్దు, తినకపోతే కోప్పడొద్దు. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకి పది, పదిహేను సార్లు పడుతుంది. మనం మూడోసారికే "మా పాపకి పడదు" అని తేల్చేస్తాం. మా పాప మొదట వాసన చూసింది, తర్వాత వేలితో నాకింది. తొమ్మిదోసారి కలుపుకుంది.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ అనకండి: "కూర తింటే చాక్లెట్ ఇస్తా." ఆ మాట వినగానే బిడ్డకి కూర శిక్షలాగా, చాక్లెట్ బహుమతిలాగా అనిపిస్తుంది.

మరో మాట, పిల్లలు పక్కవాళ్లని చూసి తింటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023లో రాగిజావ మొదలుపెట్టారు. ఇంట్లో జావ ముట్టని పిల్లలు కూడా బడిలో వరసలో కూర్చుంటే గ్లాసు ఖాళీ చేస్తారు. ఇంట్లో మనమే ఆ వరస. నాన్న తోటకూర పక్కకి తీసిపెడితే పాప ఎందుకు తింటుంది? 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అందుకని మా ఇంట్లో వారానికి మూడు రోజులు పొద్దున్నే అందరికీ జావే.

[దృశ్యం: పప్పులో నిమ్మకాయ పిండుతున్న చెయ్యి. తర్వాత కోసిన జామకాయ.]

ఆకుకూరలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పప్పు దించాక కాస్త నిమ్మరసం పిండితే బాగా పడుతుంది. భోజనమయ్యాక రెండు జామ ముక్కలు పెట్టినా అంతే. జామకాయలో 100 గ్రాములకి 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, నారింజ కంటే ఎన్నో రెట్లు. టీ దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఇనుమును పట్టనివ్వదు. పిల్లలకి టీ అలవాటు చేసి ఉంటే దయచేసి మాన్పించండి.

పాప బలపాలు, మట్టి, సున్నం తింటోందా? మొహం పాలిపోయిందా? బరువు పెరగట్లేదా? అప్పుడు ఇంటి చిట్కాలతో కాలం గడపకండి, పిల్లల డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఏడాది నుంచి 19 ఏళ్ల వాళ్లకి అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పకుండా వేయించండి.

[దృశ్యం: వరండాలో నానమ్మ, చేతిలో బిస్కెట్ ప్యాకెట్. పాప చెయ్యి చాస్తోంది.]

చివరిగా, అందరూ నన్ను అడిగేది ఇదే. "మా అత్తయ్య వినరు, బిస్కెట్ ఇచ్చేస్తారు." ఆవిడది ప్రేమ, దాన్ని తప్పు పట్టకండి. ఇవ్వొద్దంటే ఆవిడ మనసు చిన్నబుచ్చుకుంటుంది. నేను ఇలా అడిగాను: "అత్తయ్యా, ఐదున్నరకి దీనికి మీ చేత్తో ఒక జామకాయ కోసి పెడతారా? నేను పెడితే తినట్లేదు." మర్నాటి నుంచి ఆ పని ఆవిడదే అయింది.