నల్లగొండ బోరు నీటిలో కార్బొనేట్ చేసే పని

[దృశ్యం: చండూరు వైపు ఒక వంటగది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు. నిమ్మరసం చుక్కలు పడగానే బుసబుసమని నురగ.]

వ్యాఖ్యాత: బోరు నీళ్లు కాచీ కాచీ గిన్నెకు పట్టిన ఈ పెచ్చులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు కోసం తవ్వే సున్నపురాయిలో ఉన్నదీ ఇదే. నిమ్మరసంలోని ఆమ్లం తగలగానే ఇందులోని కార్బొనేట్ అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువుల గుంపు) విచ్ఛిన్నమై, కార్బన్ డయాక్సైడ్ వాయువు బుడగలుగా పైకి వస్తుంది.

[యానిమేషన్: మధ్యలో ఒక కార్బన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు.]

ఈ అయాన్‌లో నాలుగు పరమాణువులూ ఒకే తలంలో, 120 డిగ్రీల కోణాలతో అమరి ఉంటాయి. కాగితం మీద ఒక ద్విబంధం, రెండు ఏకబంధాలు గీస్తాం గానీ, కొలిచి చూస్తే మూడు బంధాల పొడవూ సమానమే, దాదాపు 1.28 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు). రెండు రుణావేశాలు కూడా మూడు ఆక్సిజన్ల మీద సమంగా పరుచుకుంటాయి.

నీటిలో మాత్రం ఈ అయాన్ ఒంటరిగా ఎక్కువసేపు నిలవదు, ఒక హైడ్రోజన్ అయాన్‌ను కలుపుకొని బైకార్బొనేట్ అవుతుంది. నీటి ఆమ్ల, క్షార స్వభావాన్ని తెలిపే కొలత అయిన పీహెచ్ 10.3 దగ్గర ఈ రెండూ సరిసమానంగా ఉంటాయి. బోరు నీళ్లలో తరచుగా కనిపించే పీహెచ్ 8.3 దగ్గరైతే, బైకార్బొనేట్ వంద పాళ్లుంటే కార్బొనేట్ సుమారు ఒక పాలు మాత్రమే. నీళ్లు కాగినప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, బైకార్బొనేట్‌లో కొంత కార్బొనేట్‌గా మారి, దొరికిన కాల్షియాన్ని పట్టుకొని గిన్నె అడుగుకు చేరుతుంది.

[దృశ్యం: మర్రిగూడ దగ్గర ఒక చెలక. తవ్విన గుంత గోడలో తెల్లని సున్నపు గడ్డలు.]

గిన్నెలో జరిగేదే ఈ నేలలోనూ జరుగుతుంది, కాకపోతే ఏళ్ల తరబడి, ఎండకు నీరు ఆవిరవుతూ. నల్లగొండ జిల్లా తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించే సమస్యలో ఒక ముఖ్యమైన ముడి ఇక్కడే ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు, ఎందుకంటే ఆ రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగిపోతాయి. కార్బొనేట్ ముందే కాల్షియాన్ని గడ్డలుగా కట్టేస్తే ఆ అడ్డు తొలగుతుంది. ఆ హద్దులో కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తారు కాబట్టి, కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఫ్లోరైడ్ రెండింతలు కరగడానికి వీలు కలుగుతుంది.

అందుకే 'మా బోరు నీళ్లకు పెచ్చు కట్టదు, మంచి నీళ్లే' అన్న మాటను నేను నమ్మను. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ మిగిలిన నీటిలోనే తరచుగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

[దృశ్యం: బకెట్‌లో పటిక, సున్నం వేసి కలుపుతున్న చేతులు. తెల్లని మడ్డి మెల్లగా అడుగుకు దిగుతుంది.]

ఫ్లోరైడ్‌ను తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' 1970వ దశకంలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లోనూ బైకార్బొనేట్‌కు పని ఉంది. పటికలోని అల్యూమినియం నీటిలోని బైకార్బొనేట్‌తో చర్య జరిపి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తరకలుగా మారుతుంది, ఆ తరకలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని కిందికి దిగుతాయి. బైకార్బొనేట్ చాలకపోతే నీరు ఆమ్లంగా మారి తరకలు సరిగా కట్టవు, ఆ లోటు పూడ్చడానికే సున్నం వేస్తారు. కాబట్టి పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్ ఒక్కటి చూసి తేల్చేది కాదు, నీటి క్షారత్వాన్ని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, కూడా కొలిచాకే ఆ మోతాదు నిర్ణయిస్తారు.